ముదురు రంగు లంగాలు అడిగే అక్కలకు: అడుగు కండరాల సంగతి

దేవరకొండలో నా కుట్టు షాపుకు 26 ఏళ్లు. జాకెట్లు, లంగాలు, చీరలకు ఫాల్, పికో. కొలతలు తీసేటప్పుడు పరదా లాగుతాను. టేపు నడుము చుట్టూ తిరిగేలోపు ఆ పరదా వెనక ఆడవాళ్లు ఇంట్లో చెప్పని మాటలు, డాక్టరుకు చెప్పని మాటలు చెబుతారు. నలభై దాటినవాళ్లలో కొంతమంది లంగా బట్ట ఎంచుకునేటప్పుడు చీరకు మ్యాచింగ్ చూడరు. "నల్లదో మెరూనో ఇయ్యక్కా, తడి కనబడొద్దు" అంటారు. నెలసరి ఆగి ఐదేళ్లయిన మనిషికి తడి ఎక్కడిది? మెల్లగా అడిగితే చెబుతారు. తుమ్మితే, దగ్గితే, బిందె ఎత్తితే, గట్టిగా నవ్వితే కొంచెం ఒంటేలు కారుతుంది.

నాకు అడగక ముందే అర్థమయ్యేది. అప్పట్లో నావి కూడా నల్ల లంగాలే.

నాకిప్పుడు 52. పెద్దోడు పుట్టినప్పుడు రెండు రోజులు నొప్పులు పడ్డాను, మంత్రసాని చేతుల మీద ఇంట్లోనే కాన్పు. చిన్నదానికి ఆసుపత్రి. అప్పుడేమీ తెలియలేదు. నలభై ఆరో ఏట మొదలైంది. కొత్త పాప్లిన్ తాను చింపితే లేచే నూగుకు నాకు వరసగా నాలుగైదు తుమ్ములు వస్తాయి. ప్రతి తుమ్ముకూ ఇన్ని చుక్కలు. పాత కాటన్ గుడ్డ మడత పెట్టుకోవడం అలవాటైంది. ఆ ఏడు సద్దుల బతుకమ్మ నాడు వంగి లేస్తూ చప్పట్లు కొడుతుంటే రెండో చుట్టుకే గుడ్డ తడిసిపోయింది. మోకాలు పట్టేసిందని అబద్ధం చెప్పి వచ్చి అరుగు మీద కూర్చున్నాను. అక్కడ నాకన్నా ముందే "మోకాళ్ల నొప్పులతో" ఇంకో ముగ్గురు కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఎంతమందివి నిజం మోకాళ్లో నాకిప్పటికీ అనుమానమే.

ఈ కారడాన్ని ఆపే కండరాల వ్యాయామం నేర్చుకోవడానికి నాకు మూడేళ్లు పట్టింది. అందులో రెండు నెలలు పూర్తిగా తప్పుగా చేశాను. ఆ తప్పు మీరు చేయకుండా ఉండటానికే ఇదంతా రాస్తున్నాను.

ఏమిటీ కండరాలు

డాక్టర్లు పెల్విక్ ఫ్లోర్ అంటారు. నేను అడుగు కండరాలు అంటాను. చేనులో వేపకొమ్మకు చీర కట్టి పసిబిడ్డను పడుకోబెడతాం కదా, ఆ ఊయల లాంటిదే. బొడ్డు కింద చేయి పెట్టుకుంటూ దిగితే గట్టిగా తగిలే ఎముక ఒకటి ఉంటుంది. అక్కడి నుంచి వెనక తోక ఎముక దాకా, పక్కలకు మనం పీట మీద కూర్చుంటే ఒత్తుకునే ఎముకల దాకా పరుచుకుని ఉంటుంది. ఒంటేలు సంచి, గర్భసంచి, పెద్దపేగు చివరి భాగం దాని మీదే ఆనుకుని ఉంటాయి. ఆడవాళ్లకు అందులోంచి మూడు దారులు, మగవాళ్లకు రెండు. దారులను మూసి పట్టుకోవడం, సమయం వచ్చినప్పుడు వదలడం, రెండూ దాని పనే. రెండో పనిని అందరూ మరచిపోతారు. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

మొదట్లో నేను దీన్ని లాస్టిక్ అనుకున్నాను. ఒకసారి సాగితే అంతే, కొత్తది వేయాల్సిందే అని. కాదు. లాస్టిక్‌కు ప్రాణం లేదు, కండకు ఉంది. పని చెబితే 60, 70 ఏళ్ల వయసులో కూడా బలం పుంజుకుంటుంది.

ఎందుకు వదులవుతుందంటే, అన్నిటికన్నా ముందు కడుపుతో ఉన్న తొమ్మిది నెలలు. ఆపరేషన్ కాన్పు అయినవాళ్లు "మాకేం కాదు" అనుకుంటారు, కానీ ఆ తొమ్మిది నెలల బరువు వాళ్లు కూడా మోశారు కదా. ఆ తర్వాత ఎక్కువసేపు ముక్కాల్సి వచ్చిన కాన్పు, పెద్ద బిడ్డ, పట్టకారు వేసి తీసిన కాన్పు. నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తగ్గి అక్కడి కణజాలం పలచబడుతుంది. ఏళ్ల తరబడి మలబద్ధకం, తగ్గని దగ్గు, ఒంటి బరువు, నెత్తి బరువు. మా అమ్మమ్మది అచ్చంపేట వైపు. పాలమూరు లేబర్ అని దేశమంతా పిలిచి డ్యాములకు, కాలువలకు మట్టి మోయించుకున్నారే, ఆ జనం. బాలింత గుడ్డలు ఆరకముందే తట్ట నెత్తికెత్తుకున్న ఆడవాళ్లు. మా నల్గొండ వైపేమో ఫ్లోరైడ్ నీళ్లు తాగలేక, మంచినీళ్ల బోరు ఎంత దూరంలో ఉన్నా నెత్తి మీదొకటి, చంకలో ఒకటి బిందెలు మోసిన తరం మాది. మోకాళ్లు, నడుము అరిగాయని అందరూ ఒప్పుకుంటారు. కింద కూడా అరిగిందని ఎవరూ అనరు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. "గర్భసంచి తీయించుకుంటే అన్నీ పోతాయి" అనే మాట మన దగ్గర చాలా తేలికగా వినిపిస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్ర, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయి. తీయించుకోవాల్సిన జబ్బులు ఉంటాయి, కాదనను. కానీ తుమ్మితే కారడం గర్భసంచి జబ్బు కాదు. అది తీసేసినంత మాత్రాన ఇది ఆగదు. మా వదినె సాక్ష్యం.

ముందు కొలత

కొలత తీయకుండా కత్తెర పెట్టే టైలరును ఎవరూ నమ్మరు. ఇక్కడా అంతే. మూడు రోజులు ఒక నోటుబుక్కులో రాయండి. నేను జాకెట్ కొలతలు రాసే బుక్కులోనే వెనక పేజీల్లో రాశాను. ఎన్నింటికి వెళ్లారు, ఎంత పోశారు, ఏం తాగారు, ఎప్పుడు కారింది, అప్పుడు ఏం చేస్తున్నారు. ఎంతో తెలియడానికి గీతలున్న పాత ప్లాస్టిక్ జగ్గు ఒకటి బాత్రూములో పెట్టుకోండి. ఇంట్లోవాళ్లు అడిగితే షుగర్ టెస్టు అని చెప్పాను నేను. మీరు నిజమే చెప్పుకోండి, మంచిది.

నా పేజీ చూసుకుంటే నాకే ఆశ్చర్యం వేసింది. తెల్లారినప్పటి నుంచి పడుకునే దాకా 14 సార్లు వెళ్లాను. అందులో సగం సార్లు 100 మిల్లీలీటర్లు కూడా లేదు. "ఎందుకైనా మంచిది, ఒకసారి పోయొద్దాం" అని వెళ్లినవే అవన్నీ. మామూలుగా పగలు మూడు నాలుగు గంటలకు ఒకసారి, రోజుకు ఆరు నుంచి ఎనిమిది సార్లు, వెళ్లినప్పుడు 300 మిల్లీలీటర్ల చుట్టూ ఉంటే బాగున్నట్టు. ఊరికే పోతూ ఉంటే సంచి కొంచెం నిండగానే గంట కొట్టడం నేర్చుకుంటుంది.

కారింది అని రాసిన చోట ఏం చేస్తున్నారో చూడండి. తుమ్ము, దగ్గు, బరువు, నవ్వు దగ్గర కారితే అది ఒక రకం. అడుగు కండరాలు ఆ ఒత్తిడికి ఆగలేకపోతున్నాయి. ఉన్నట్టుండి తరుముకొచ్చి, ఇంటి తాళం తీసేలోపే అయిపోతే ఇంకో రకం. సంచి తొందరపడుతోంది. నాకు రెండూ ఉన్నాయి. చాలామందికి అంతే. రెండింటికీ కండరాల వ్యాయామం పనికొస్తుంది, కానీ రెండోదానికి సంచికి ఓపిక నేర్పడం కూడా కావాలి.

కండరాన్ని కనిపెట్టడం

అసలు కష్టం ఇక్కడే. నేను ఫోన్‌లో వీడియో చూసి మొదలుపెట్టాను. "బిగించండి, వదలండి" అన్నారు, చేశాను. రోజూ, శ్రద్ధగా, రెండు నెలలు. కారడం తగ్గకపోగా కొంచెం ఎక్కువైంది. చివరకు నల్గొండలో ఈ కండరాలకు వ్యాయామం నేర్పే ఒక ఆడ ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లాను. ఆమె నా అనుమతి అడిగి, గ్లవ్స్ వేసుకుని పరీక్ష చేసి, "ఇప్పుడు బిగించండమ్మా" అంది. బిగించాను. ఆమె నవ్వాపుకుని, "మీరు పైకి లాగట్లేదు, కిందికి ముక్కుతున్నారు" అంది. రెండు నెలలుగా నేను ఊయలను పైకెత్తుతున్నా అనుకుంటూ అందులో కూర్చుని ఊగుతున్నాను. ఇలా చేసేవాళ్లు చాలామంది ఉంటారట. కంటికి కనిపించని కండ కదా.

అందుకే ఇది నిదానంగా చదవండి.

చాప మీద వెల్లకిలా పడుకోండి. మోకాళ్లు మడిచి పాదాలు నేలకు ఆనించండి. ఒక అరచేయి బొడ్డు కింద పెట్టుకోండి. మామూలుగా ఊపిరి వదలండి. ఇప్పుడు ఒక సంగతి ఊహించుకోండి. పెళ్లి బంతిలో కూర్చున్నారు, పక్కనే కొత్త వియ్యపురాలు, సరిగ్గా అప్పుడే గ్యాస్ వచ్చింది. ఎలా పట్టుకుంటారు? ఆ వెనక దారిని మూయండి. ఆ బిగింపును అలాగే ముందుకు, ఒంటేలు దారి దాకా తీసుకురండి. అప్పుడు మొత్తాన్నీ లోపలికి, పైకి, బొడ్డు వైపు లాగండి. లంగా నాడ లాగితే చుట్టూ ఉన్న కుచ్చంతా ఒక్కచోటికి వచ్చినట్టు దారులన్నీ దగ్గరికి రావాలి. ఆ తర్వాత పైకి లేవాలి. మూయడం ఒక్కటే సరిపోదు, లేపడం కావాలి.

సరిగ్గా చేస్తున్నారో లేదో చూసుకునే గుర్తులు ఇవి. అరచేయి కింద పొట్ట బయటికి ఉబ్బితే మీరు ముక్కుతున్నట్టే, ఆపేయండి. కొంచెం లోపలికి పోతే పర్వాలేదు. పిర్రలు చాప మీద నుంచి లేవకూడదు, తొడలు ఒకదానికొకటి అతుక్కోకూడదు. ఊపిరి ఆగకూడదు. దీనికి నేను కనిపెట్టిన ఉపాయం, బిగించి ఉంచి వారాల పేర్లు పైకి చదవడం. మాట ఆగిందంటే దమ్ము బిగబట్టినట్టే.

ఇంకా అనుమానంగా ఉంటే తువ్వాలను గట్టిగా చుట్టి, గట్టి కుర్చీ మీద పొడవుగా పెట్టి, అది కాళ్ల మధ్యకు వచ్చేలా కూర్చోండి. బిగిస్తే ఆ చోటు తువ్వాలు మీద నుంచి పైకి తేలినట్టు అనిపించాలి. తువ్వాలు మీద ఇంకా ఒత్తుకుంటే అది నేను రెండు నెలలు చేసిన తప్పే. సిగ్గు లేకపోతే చేతి అద్దం పెట్టి చూసుకోండి. బిడ్డ పుట్టే దారికీ వెనక దారికీ మధ్య చర్మం లోపలికి పోవాలి, బయటికి ఉబ్బకూడదు. మన ఒళ్లు మనం చూసుకోవడానికి సిగ్గెందుకో నాకు 49 ఏళ్లు వచ్చే దాకా అర్థం కాలేదు.

ఒంటేలు పోస్తూ మధ్యలో ఆపి ప్రాక్టీసు చేయమని కొందరు చెబుతారు. ఆ కండ ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒక్కసారి చేస్తే చేయండి. రోజూ చేస్తే సంచి పూర్తిగా ఖాళీ కాకపోవచ్చు, ఇన్ఫెక్షన్లు రావచ్చు.

రోజువారీ లెక్క

బిగించి పైకి లాగి 3 సెకన్లు ఆపండి. తర్వాత పూర్తిగా వదిలి అంతే సేపు, లేదా ఇంకొంచెం ఎక్కువసేపు ఊరుకోండి. ఇది 8 సార్లు. ఆ తర్వాత టక్కున బిగించి టక్కున వదిలేవి ఇంకో 8. మొదటివి ఓపిక కోసం, రెండోవి తుమ్ము కోసం. తుమ్ము చెప్పి రాదు కదా. రోజుకు మూడు పూటలు. వారం వారం ఒక్కో సెకను పెంచుకుంటూ 10 దాకా వెళ్లండి. ఆరోసారికే పట్టు జారిపోతోందనుకోండి, ఆ పూట ఆరుకే ఆపండి. ఎనిమిది లెక్క పూర్తి చేయాలని పిర్రలు బిగించి మోసం చేసుకోవద్దు.

పడుకుని బాగా వచ్చాక కూర్చుని, తర్వాత నిలబడి చేయండి. కారేది నిలబడ్డప్పుడే కాబట్టి చివరికి నిలబడే నేర్చుకోవాలి. నేను పొద్దున మంచం మీద ఒకసారి, మధ్యాహ్నం అన్నం తిన్నాక మెషిన్ ముందు కూర్చుని ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి చేసేదాన్ని. మరచిపోకుండా గోడ క్యాలెండర్ మీద మార్కింగ్ చాక్‌తో గీత పెట్టేదాన్ని. రెడ్ లైట్ దగ్గర చేయండి, మీటింగులో చేయండి అని పట్నం వాళ్లు రాస్తారు. మొదటి నెల అలా వద్దు. మనసు అక్కడ లేకపోతే కండ కూడా అక్కడ ఉండదు.

ఐదో వారానికి నాకేమీ తేడా తెలియలేదు. విసుగొచ్చి ఆపేద్దామనుకున్నాను. ఎనిమిదో వారం ఒక రోజు బట్ట చింపి మూడు తుమ్ములు తుమ్మాక, గుడ్డ పొడిగా ఉందని గమనించాను. కనీసం మూడు నెలలు చేశాకే పనిచేసిందో లేదో తేల్చాలి. తగ్గాక కూడా రోజుకు ఒక పూట ఉంచుకోవాలి. ఆపేస్తే మళ్లీ వదులవుతుంది. నేను మొన్న ఎండాకాలం పెళ్లిళ్ల సీజన్‌లో ఆపి చూసుకున్నాను, నెలన్నరకే తెలిసొచ్చింది.

వీటిని కెగెల్ వ్యాయామాలు అంటారు. ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా డాక్టరు కాన్పుల తర్వాత కారే ఆడవాళ్లకు నేర్పి, 1948లో దాని గురించి రాశాడు. మన యోగాలో మూలబంధం, అశ్విని ముద్ర దగ్గరదగ్గరగా ఇలాంటివే. ఎవరు ముందు అనే పంచాయితీ నాకొద్దు.

తుమ్ముకు ముందే

మెషిన్ మీద బట్టను నొక్కి పట్టే ఫుట్టు దించకుండా తొక్కితే ఏమవుతుంది? బట్ట జారి కుట్టు వంకరపోతుంది. ముందు ఫుట్టు దించాలి, తర్వాత తొక్కాలి. తుమ్ము వస్తోందని ముక్కులో చిరచిర మొదలవగానే అడుగు కండరాలు బిగించండి, ఆ తర్వాత తుమ్మండి. దగ్గుకూ అంతే, బిందె ఎత్తడానికీ అంతే. బిందెను ఒంటికి దగ్గరగా తెచ్చుకుని, బిగించి, ఊపిరి వదులుతూ లేపండి. ఊపిరి బిగబట్టి లేపితే ఒత్తిడంతా కిందికే దిగుతుంది. 25 కిలోల బియ్యం సంచి దగ్గర మాత్రం ఈ తెలివి చూపించకండి, ఇంట్లో ఇంకొకరిని పిలవండి. ఈ ఒక్క అలవాటుతోనే మొదటి వారంలో కొంత తేడా చూసినవాళ్లు నా కస్టమర్లలో ఇద్దరున్నారు.

తరుముకొచ్చే రకానికి ఉపాయం వేరు. వచ్చిందని పరిగెత్తకండి. పరిగెత్తితే సంచి ఇంకా అదురుతుంది. ఉన్నచోటే ఆగండి, కుదిరితే కుర్చీ అంచున కూర్చోండి. టక్ టక్‌మని ఐదారుసార్లు బిగించి వదలండి. ఇంకో పని మీదకు మనసు మళ్లించండి. నేను జాకెట్ హుక్కులు లెక్కపెడతాను. ఆ తరుముడు అల లాంటిది, నిమిషం లోపు దిగుతుంది. దిగాక నడిచి వెళ్లండి. అది అలవాటయ్యాక, గంటకోసారి వెళ్లేవాళ్లు గంటంబావుకు, వారం తర్వాత గంటన్నరకు, అలా మూడు గంటల దాకా సాగదీయండి. నా 14 సార్లు 8కి రావడానికి రెండు నెలలు పట్టింది.

నీళ్లు మానేయడం

మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఇదే. హైదరాబాద్ బస్సు ఎక్కాలంటే పొద్దున్నుంచి నీళ్లు ముట్టరు. పత్తి ఏరడానికి పోయేవాళ్లకు చేనులో చాటు ఉండదు, చీకటి పడే దాకా తాగరు, పోరు. తాగకపోతే కారదు అనుకుంటారు. తాగకపోతే ఒంటేలు చిక్కబడి సంచిని కెలుకుతుంది, తరుముడు పెరుగుతుంది, మంట, ఇన్ఫెక్షన్ కూడా తోడవుతాయి. పైగా మన నల్గొండ ఎండలు. మే నెలలో 44, 45 డిగ్రీల్లో నీళ్లు మానేస్తే వడదెబ్బే. మామూలు రోజుల్లో లీటరున్నర నుంచి రెండు లీటర్లు, ఎండలో పనిచేస్తే ఇంకా ఎక్కువ. ఒంటేలు రంగు లేత గడ్డి రంగులో ఉంటే సరిపోయినట్టు. ఒకేసారి చెంబెడు గుటగుటా తాగకుండా కొంచెం కొంచెం తాగండి, పడుకునే రెండు గంటల ముందు తగ్గించండి. కిడ్నీ, గుండె జబ్బులు ఉన్నవాళ్లు డాక్టరు చెప్పిన లెక్కే పాటించాలి.

తగ్గించాల్సింది చాయ్. నేను ఏడు తాగేదాన్ని. వచ్చిన ప్రతి కస్టమరుతో ఒకటి. ఇప్పుడు మూడు. ఇదే అన్నిటికన్నా కష్టమైంది.

దొడ్డికి ముక్కడం కూడా ఈ కండరాలకు శత్రువే. జొన్న రొట్టె, తోటకూర, పుంటికూర, సరిపడా నీళ్లు. గొంతుక్కూర్చునే దొడ్డి ఈ విషయంలో మేలు. కమోడ్ అయితే కాళ్ల కింద చిన్న పీట వేసుకుని, మోకాళ్లు తొంటి కన్నా పైకి వచ్చేలా ముందుకు వంగి కూర్చోండి.

అందరికీ బిగింపు పనికిరాదు

మెషిన్‌కు దారం టెన్షన్ తక్కువైతే కుట్టు వదులు. ఎక్కువైతే దారం తెగుతుంది, బట్ట ముడుచుకుపోతుంది. ఈ కండరాలు కొందరికి ఎప్పుడూ బిగుసుకునే ఉంటాయి. ఒంటేలు మొదలవడానికి చాలాసేపు పట్టడం, ఆగి ఆగి రావడం, కలయికలో నొప్పి, తోక ఎముక దగ్గర నొప్పి, ఎంత ముక్కినా దొడ్డి సాఫీగా రాకపోవడం ఉంటే అలాంటిదేమో అని అనుమానించాలి. వాళ్లు ఇంకా బిగిస్తే నొప్పి పెరుగుతుంది. వాళ్లకు కావాల్సింది వదలడం. పడుకుని పొట్ట మీద చేయి పెట్టి, పసిపిల్లలా పొట్ట లేచేలా మెల్లగా ఊపిరి పీల్చండి. పీల్చినప్పుడు అడుగు కండరాలు కిందికి మెత్తబడతాయి, వదిలినప్పుడు పైకి వస్తాయి. రోజూ ఐదు నిమిషాలు అది గమనించండి, బిగించకండి. ఆ తర్వాత ఫిజియోథెరపిస్టుకు చూపించుకోండి. టెన్షన్ పడే మనుషులకు, పొట్ట ఎప్పుడూ లోపలికి లాక్కుని నడిచే అమ్మాయిలకు ఇది ఎక్కువగా చూస్తామని ఆ నల్గొండ ఆమె చెప్పింది.

సాయంత్రానికి కింద బరువుగా, ఏదో జారుతున్నట్టు, కడుక్కునేటప్పుడు ఉండలా చేతికి తగులుతున్నట్టు ఉంటే, పడుకుంటే తగ్గుతుంటే, గర్భసంచో ఒంటేలు సంచో కిందికి జారి ఉండొచ్చు. భయపడి దాచుకోకండి. కొంచెమే జారితే ఇవే వ్యాయామాలు సాయం చేస్తాయి. లోపల పెట్టుకునే మెత్తటి రింగు ఉంటుంది, పెసరీ అంటారు. ఆపరేషన్ ఒక్కటే దారి కాదు, అవసరమైతే అదీ ఉంటుంది. డాక్టరును అన్ని దారులూ అడగండి.

బాలింతలకు ఒక మాట. కాన్పు తేలిగ్గా అయితే, నొప్పి లేనంత వరకు, ఒంటేలుకు పైపు వేసి ఉంటే అది తీశాక ఒంటేలు మామూలుగా వస్తుంటే, మొదటి రోజుల నుంచే మెత్తగా బిగించడం మొదలుపెట్టొచ్చు. కుట్లు ఎక్కువ పడితే నర్సమ్మను అడిగి చేయండి. కడుపుతో ఉన్నప్పుడే నేర్చుకుంటే ఇంకా మంచిది. ఇక నడుముకు చీర బిగించి కట్టే ఆచారం. పెద్దల మాట కాదనలేకపోతే వదులుగా కట్టించుకోండి. అది నడుముకు ఆసరా ఏమో గానీ ఈ కండరాలకు వ్యాయామం మాత్రం కాదు.

మగవాళ్లకు కూడా ఇవే కండరాలు. మా బావగారికి ప్రోస్టేట్, అంటే మగవాళ్లకు ఒంటేలు సంచి కింద ఉండే గ్రంథి, దాని ఆపరేషన్ అయ్యాక కారడం మొదలైంది. ఆయన నన్ను అడగలేదు, మా అక్కతో అడిగించాడు. ఆపరేషన్‌కు ముందే నేర్చుకోవడం మేలు, పైపు ఉన్నంత కాలం చేయకూడదు, తీశాక మొదలుపెట్టాలి. గ్యాస్ పట్టుకునే గుర్తే మగవాళ్లకూ చెప్పాలి.

ఇంట్లో కూర్చోకుండా వెంటనే వెళ్లాల్సినవి కొన్ని ఉన్నాయి. ఒంటేలులో రక్తం. మంటతో జ్వరం. సంచి నిండినా ఒంటేలు రాకపోవడం. నడుము నొప్పితో పాటు కాళ్ల మధ్య తిమ్మిరెక్కి, కాళ్లు బలం తప్పడం. ఈ చివరిది గంటల్లో చూడాల్సిన జబ్బు, పొద్దున చూద్దాం అనుకోవద్దు. కాన్పో ఆపరేషనో అయ్యాక ఎప్పుడూ ఆగకుండా కారుతూనే ఉన్నా వెళ్లాలి, అది ఈ వ్యాయామాలతో పోయేది కాదు. ఉన్నట్టుండి ఎక్కువసార్లు పోవాల్సి వస్తుంటే, దాహం కూడా ఉంటే, షుగర్ చూపించుకోండి.

డాక్టరు ముందు కూర్చోగానే నోరు పెగలదు. నేను మొదటిసారి వెళ్లి నడుము నొప్పి అని చెప్పి, నొప్పి గోలీలు రాయించుకుని వచ్చాను. కాబట్టి ఇంట్లోనే మాట తయారు చేసుకోండి. "దగ్గినా తుమ్మినా ఒంటేలు కారుతోంది, ఎనిమిది నెలలైంది, రోజుకు రెండు గుడ్డలు మారుస్తున్నాను." ఈ ఒక్క వాక్యం చాలు. "దీనికి ఫిజియోథెరపీ ఉందటగా, ఎక్కడ చేస్తారు?" అని కూడా అడగండి. జనం ఎక్కువుండి, తలుపు దగ్గర కాంపౌండర్ నిలబడి వింటుంటే, నోరు తెరవనక్కరలేదు. మూడు రోజుల లెక్క రాసిన పేజీ చింపి టేబుల్ మీద పెట్టండి.